అమ్మమ్మ ముక్కుపుడక దూరడం లేదు, కొలత ఎలా తీసుకోవాలి?

ప్రశ్న: అక్కా, మాది రాయగడ. ఎనిమిది నెలల కిందట పార్లర్‌లో ముక్కు కుట్టించుకున్నాను. వాళ్లు పెట్టిన స్టీలు పుడక కాడ బాగా పొడుగు. లోపలి బిళ్ల ముక్కు మధ్య గోడకి తగిలి గుచ్చుకుంటోంది. మాఘంలో మా అన్నయ్య పెళ్లి. అప్పటికి పెట్టుకోమని అమ్మమ్మ తన బంగారు మరపుడక ఇచ్చింది. అది దూరలేదు. పిన్ని కొబ్బరినూనె రాసి గట్టిగా నొక్కితే రక్తం వచ్చింది. ఆన్‌లైన్‌లో చూస్తే 18జి, 20జి, 6 ఎంఎం, 8 ఎంఎం అని ఏవేవో రాసి ఉన్నాయి, ఒక్కటీ అర్థం కాలేదు. మా వీధిలో కంసాలి తాతగారు ‘పాత పుడక పట్రా, చూసి చేసిస్తా’ అంటున్నారు. అసలు కొలత ఎలా తీసుకోవాలి? పై చెవి కూడా కుట్టించుకోవాలని ఉంది. నా ఫ్రెండ్ బొడ్డుకి పెట్టించుకుంటానంటోంది, దానికీ సైజు చెప్పండి.
— ఒక చెల్లి, రాయగడ

జవాబు: చెల్లీ, ముందు ఆ నొక్కడం ఆపించు. నూనె రాసినా, సబ్బు రాసినా రంధ్రం పెద్దదవదు, చిరుగుతుంది. చిరిగిన చోట మచ్చ కడితే ఇప్పుడు దూరుతున్న పుడక కూడా రేపు కష్టమవుతుంది. రక్తం వచ్చిందన్నావు కాబట్టి ఆ పాత స్టీలు పుడకే మళ్లీ పెట్టుకుని ఉంచు. తీసేసి ఊరుకోకు. ముక్కు రంధ్రం చెవి తమ్మెలాంటిది కాదు, ఖాళీగా వదిలేస్తే చాలా తొందరగా ముడుచుకుపోతుంది. మెడికల్ షాపులో స్టెరైల్ నార్మల్ సెలైన్ దొరుకుతుంది. దాంతో రెండుపూటలా తుడువు. పసుపు, నూనె, వేపపుల్ల ఏవీ వద్దు. నొప్పి, వాపు పూర్తిగా పోయాకే కొలత. వాపు మీద తీసిన కొలత తప్పే వస్తుంది.

ఇక కొలత సంగతి. పుడకకి రెండు కొలతలుంటాయి, రెండూ వేర్వేరు. కాడ ఎంత లావు అన్నది రంధ్రాన్ని బట్టి ఉంటుంది. కాడ ఎంత పొడుగు అన్నది ఆ చోట నీ కండ ఎంత మందంగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. నీకు రెండు కష్టాలూ ఒకేసారి వచ్చాయి. స్టీలు పుడక లావు సరిపోయింది, పొడుగు ఎక్కువైంది. అమ్మమ్మ పుడక లావే ఎక్కువైంది, పొడుగు ఎంతో ఇంకా తెలియదు. ‘పాత పుడక చూసి చేస్తా’ అన్న తాతగారు నీ స్టీలు పుడకని ఉన్నదున్నట్టు చూసి చేస్తే ఆ పొడుగు కూడా బంగారంలోకి వచ్చేస్తుంది. అప్పుడు బంగారు బిళ్ల గుచ్చుకుంటుంది, అంతే తేడా.

ఆన్‌లైన్‌లో రాసే ‘జి’ అంటే గేజి, కాడ లావు. ఈ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, చాలామంది తడబడేది ఇక్కడే. బాడీ జువెలరీ అమ్మేవాళ్ల లెక్కలో 20 గేజి అంటే 0.8 మిల్లీమీటర్లు, 18 గేజి అంటే 1 మి.మీ., 16 అంటే 1.2, 14 అంటే 1.6. వాళ్లు వాడేది అమెరికన్ వైర్ గేజి. మన దగ్గర తీగల షాపుల్లో, చాలామంది కంసాలుల దగ్గర నడిచేది బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన స్టాండర్డ్ వైర్ గేజి. అందులో 20 అంటే 0.91 మి.మీ., 18 అంటే 1.22 మి.మీ. అంటే నువ్వు ఆన్‌లైన్‌లో చదువుకుని వెళ్లి ‘తాతగారూ, 18 గేజి కాడ వేయండి’ అంటే, ఆయన తన లెక్కలో సరిగ్గానే చేసినా నీ ముక్కులో దూరదు. 0.2 మి.మీ. తేడా కాగితం మీద ఏమీ కాదు గానీ మానిన రంధ్రానికి చాలా ఎక్కువ. బరంపురంలో కంసాలి ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి దుకాణంలో ఈ గేజి గొడవ చూస్తూనే ఉన్నాను. ఒడియాలో మాట్లాడినా, తెలుగులో మాట్లాడినా, కాగితం మీద మాత్రం మిల్లీమీటర్లలోనే రాసివ్వు. గేజి మాటే ఎత్తకు.

కాడ లావు స్కేలుతో కొలిస్తే తేలదు. 0.8కి, 1కి తేడా కంటికి ఆనదు. దీనికి వెర్నియర్ కాలిపర్ కావాలి, సన్నటి మందాల్ని కూడా కచ్చితంగా కొలిచే పరికరం అది. కొనక్కర్లేదు. మీ రాయగడలో అది దొరకడం తేలిక. జేకేపూర్ పేపర్ మిల్లులోనో, తేరుబలి ఫ్యాక్టరీలోనో ఫిట్టర్‌గా చేసేవాళ్లు మీ వీధిలో ఒకరైనా ఉంటారు, లేదంటే లేత్ షాపువాళ్లని అడుగు. కంసాలి తాతగారి దగ్గర కూడా ఉండొచ్చు. స్టీలు పుడక తీసి, కడిగి, కాడ మధ్యలో కాలిపర్ పెట్టి చూడమను. మర ఉన్న చివర కొలవకూడదు, అక్కడ గాళ్లుంటాయి, లెక్క తప్పుతుంది. అలాగే అమ్మమ్మ పుడక కాడ కూడా కొలిపించు. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటే పిన్ని ఎందుకు నొక్కకూడదో ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. పార్లర్‌లో ముక్కుకి పెట్టే కాడలు ఎక్కువగా సన్నవే. పాతకాలపు మరపుడకల కాడ లావుగా ఉంటుంది, ఎందుకంటే మర తీయాలంటే తీగకి ఆ మాత్రం ఒళ్లుండాలి.

పొడుగు కొలవడానికి కొంచెం ఓపిక కావాలి, కానీ నీ దగ్గరున్న పుడకతోనే తేలిపోతుంది. పుడక బయట ఉన్నప్పుడు ఒక కొలత తీసుకో. లోపలి బిళ్లకీ బయటి రాయికీ మధ్య కాడ ఎంత ఉందో, అది మాత్రమే. బిళ్ల మందం, రాయి ఎత్తు కలపకూడదు. ఆన్‌లైన్‌లో రాసే 6 ఎంఎం, 8 ఎంఎం కూడా ఇదే, ఒంట్లో ఇమిడే కాడ పొడుగు. అది 9 వచ్చిందనుకో. ఇప్పుడు చేతులు సబ్బుతో కడుక్కుని పుడక పెట్టుకో. లోపల వేలు పెట్టి బిళ్లని రంధ్రం ఉన్న వైపు ముక్కు రెక్కకి లోపలి నుంచి మెల్లగా ఆనించు. నొక్కకు, ఆనించు చాలు. అప్పుడు బయట రాయికీ చర్మానికీ మధ్య సందు కనిపిస్తుంది. శుభలేఖ అట్ట ఒకటి తీసుకుని సన్నటి ముక్కలు కోసి, ఒక్కో ముక్క చివర కాడ పట్టేలా చిన్న గాటు పెట్టు. వాటిని ఆ సందులోకి ఒకటొకటిగా జారవిడువు. ఇంకొకటి పట్టదు అన్నప్పుడు ఆపి, ఆ ముక్కలన్నీ కలిపి పట్టుకుని కాలిపర్‌తో మందం చూడు. అది 4 వస్తే, 9లోంచి 4 తీసేయ్. నీ ముక్కు మందం 5. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి, ఎక్కువ వచ్చిన అంకె తీసుకో.

ఆ 5కి కాడ 5 ఉంటే సరిపోదు. జలుబు చేసినా, ఎండలో తిరిగినా ముక్కు కొంచెం ఉబ్బుతుంది. మానిన రంధ్రమైతే అరమిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా వదులు ఇవ్వాలి. అంటే నీకు 6 బాగుంటుంది. ముక్కుకి చాలామందికి 6, 6.5 దగ్గరే కుదురుతుంది, కాబట్టి నీకు 3 అనో 10 అనో వస్తే మళ్లీ కొలువు. మరీ కురచ అయితే పొడుగుకంటే ప్రమాదం. లోపలి బిళ్ల కండలోకి దిగిపోతుంది, దాని మీద చర్మం మూసుకుంటుంది. అలా దిగడం మొదలైతే ఇంట్లో లాగకూడదు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఇప్పుడు అమ్మమ్మ పుడక. ఎవరైనా ‘రంధ్రం పెద్దది చేయించుకో’ అంటారు. చేయించుకోకు. మార్చాల్సింది పుడక కాడని. అమ్మమ్మ ముక్కున ఇన్నేళ్లు మెరిసింది ఆ పైనున్న పువ్వు, రాయి. కాడ కాదు. ఆ పువ్వుని అలాగే ఉంచి, వెనక పాత కాడ కోసేసి, కొత్త తీగ అతికించడం కంసాలికి చిన్న పని. తాతగారు కమ్మచ్చులోంచి, అంటే తీగ సన్నబరిచే బెజ్జాల పలకలోంచి, తీగ లాగేటప్పుడు నువ్వు రాసిచ్చిన లావుకే లాగుతారు. నువ్వు గట్టిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అతుకు పువ్వు వెనకే ఉండాలి, కాడ మధ్యలో ఎక్కడా టాకా (అతికించే లోహం) ఉండకూడదు. కేడీఎం టాకా వద్దని చెప్పు, అందులో కాడ్మియం ఉంటుంది, అతికించేటప్పుడు వచ్చే పొగ ఆ తాతగారి ఊపిరితిత్తులకే ముప్పు. కాడ చివర గరుకు లేకుండా గుండ్రంగా నున్నగా రుద్దాలి. మర పెట్టేట్లయితే చివర కాస్త మేరకే తీయాలి, కాడంతా మర తీస్తే పెట్టినప్పుడల్లా ఆ గాళ్లు రంధ్రాన్ని గీరుతూ లోపలికి పోతాయి. నీ కాడ సన్నం కాబట్టి అసలు మర లేకుండా చివర ‘ఎల్’లా వంచిన కాడ వేయించుకోవడం నాకైతే మేలనిపిస్తుంది. అప్పుడు వంపు దాకా 6 ఉండాలి, వంపు తర్వాతి ముక్క వేరే.

పాతది రాయి పొదిగిన పుడకైతే వేడి పెట్టే ముందు రాయి ఏమిటో తాతగారితో మాట్లాడు. ముత్యం, పగడం వేడికి తట్టుకోవు, తీసి మళ్లీ పొదగాలి. కాడకి 22 క్యారెట్లు మెత్తన, సన్నటి తీగ వంగిపోతుంది, మర తొందరగా అరుగుతుంది. 18 క్యారెట్ల తీగ గట్టిగా ఉంటుంది. కానీ అందులో కలిపే లోహం ఏమిటో అడుగు. నికెల్ పడనివాళ్లకి దురద, నీరు కారడం మొదలవుతాయి, దాన్ని మనం ‘ముక్కు పుండు పడింది’ అనుకుంటాం. తెల్ల బంగారంలో నికెల్ ఉండే అవకాశం ఎక్కువ. హాల్‌మార్క్ గురించి కూడా ఒక మాట. 2 గ్రాముల లోపు నగలకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, ముక్కుపుడకలు చాలావరకూ ఆ లోపే ఉంటాయి. అందుకని ముద్ర లేదని తాతగారిని అనుమానించక్కర్లేదు, అలాగని ముద్ర లేని కొత్త పుడక తెలియని షాపులో ‘916’ అంటే నమ్మి కొననూ వద్దు.

పెళ్లిలో నత్తు పెట్టుకోవాలని కూడా ఎవరో ఒకరు అంటారు. రింగుకి పొడుగు అడగరు, లోపలి వ్యాసం అడుగుతారు. రంధ్రం నుంచి ముక్కు అంచు దాకా ఎంత దూరమో చూసుకో. రోజూ పెట్టుకునే చిన్న రింగు చాలామందికి 8 మి.మీ. దగ్గర కుదురుతుంది. రంధ్రం పైకి ఉంటే 9, 10 కావాలి. బిగుతైన రింగు రంధ్రాన్ని పక్కకి లాగి కోస్తుంది. 8 మి.మీ. డ్రిల్ బిట్ చుట్టూ రాగి తీగ చుట్టి, ఆ రింగుని ముక్కు పక్కన పట్టి అద్దంలో చూస్తే నీకే తెలిసిపోతుంది, లోపల దూర్చకు. పెద్ద నత్తు బరువు మాత్రం సన్నటి తీగ మీద వేలాడేయకు. సన్న తీగ, ఎక్కువ బరువు కలిస్తే కండని కోసేస్తుంది. ముసలమ్మల చెవి తమ్మెలు చీలిపోయి ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. మాటీలు పుట్టిందే అందుకు, కమ్మల బరువు జుట్టు పంచుకోవాలని. నత్తుకీ అలాగే గొలుసు వేయించి జడ పిన్నుకి తగిలించు, లేదా ఆ పూటకి క్లిప్పు నత్తు పెట్టుకో. ఎవరికీ తేడా తెలియదు.

ఇక పై చెవి. ఇది ముక్కుకంటే జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం. పై చెవిలో ఉండేది మృదులాస్థి, దానికి సొంతంగా రక్తనాళాలు ఉండవు. గన్‌తో కొట్టించుకోవద్దు. గన్ మొద్దు కాడని బలంగా కొట్టి దూర్చేస్తుంది, పైగా దాన్ని పూర్తిగా స్టెరిలైజ్ చేయడం కుదరదు. అక్కడ ఇన్ఫెక్షన్ పట్టి చీము పడితే చెవి ముడుచుకుపోయి ఆకారం మారిపోవచ్చు. చెవి ఎర్రబడి, వేడెక్కి, సలపరం మొదలైతే ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరుకి చూపించాలి. నగ నువ్వే పీకేయకు, రంధ్రం మూసుకుంటే చీము లోపలే ఉండిపోతుంది. ఒకసారి వాడి పారేసే సూదితో కుట్టేవాళ్ల దగ్గరికే వెళ్లు. విశాఖలో అలాంటి స్టూడియోలు ఉన్నాయి, రాయగడ నుంచి రైలు ఉంది కదా.

చెవి మీద ఎన్ని పెట్టుకోవచ్చు అని కూడా కొందరు అడుగుతారు. చాటికొన బుధవారం సంతకి నియమగిరి దిగివచ్చే డొంగ్రియా కోందు ఆడవాళ్లని చూసే ఉంటావు. చెవి అంచున వరసగా ఎన్నో చిన్న రింగులు. అన్నీ సన్నవి, తేలికవి, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. ఒక్కో రింగు చోటుకి తగ్గ సైజులో ఉంటే ఎన్నయినా అందమే. నువ్వు మాత్రం ఒకదాంతో మొదలుపెట్టు, అది మానాకే రెండోది.

పై చెవికి మామూలుగా వాడేది 1.2 మి.మీ. లావు. కుట్టిన కొత్తలో వాపుకి చోటు ఉండాలి కాబట్టి కాడ కండ మందం కంటే 2 మి.మీ. అయినా ఎక్కువ పొడుగు పెడతారు. అది నచ్చక ‘కురచది పెట్టండి’ అని అడగకు. వాపు తగ్గాక, కొన్ని వారాల తర్వాత, కుట్టినవాళ్ల దగ్గరికే వెళ్లి కురచ కాడ మార్పించుకోవాలి. పొడుగు కాడతోనే నెలల తరబడి ఉండిపోతే జుట్టుకి, దుపట్టాకి తగులుకుని, పడుకున్నప్పుడు వంగి రంధ్రం ఏటవాలుగా మానుతుంది. నీ ముక్కుకి జరగాల్సిన ఈ రెండో పనే పార్లర్‌వాళ్లు చెప్పలేదు. పై చెవి పూర్తిగా మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. పెళ్లికి మెరవాలని ఇప్పుడు కుట్టించుకుంటే మాఘానికి నీ చెవి పుండు మీదే ఉంటుంది, తలంబ్రాల వేళ ఎవరి చెయ్యి తగిలినా విలవిల్లాడతావు. పెళ్లయ్యాక కుట్టించుకో. మొదటి నగ ఇంప్లాంట్ గ్రేడ్ (ఒంట్లో అమర్చడానికి పనికొచ్చే రకం) టైటానియం అడుగు, బిల్లు మీద ఆ రకానికి గుర్తుగా ఏఎస్‌టీఎం ఎఫ్136 అని ఉంటే మంచిది. 316ఎల్ సర్జికల్ స్టీలులో నికెల్ ఉంటుంది.

ఆన్‌లైన్‌లో కొన్నిచోట్ల కొలత అంగుళాల్లో ఉంటుంది. పావు అంగుళం 6.4 మి.మీ., అయిదు బై పదహారు అంగుళం 8, మూడు బై ఎనిమిది అంగుళం 9.5, దాన్నే 10 అని అమ్ముతారు. బొడ్డులాంటి చోట పెట్టే, రెండు చివర్లా గుండ్లున్న వంపు కాడల్ని వంపు వెంబడి కొలవరు, ఒక గుండు నుంచి ఇంకో గుండుకి నేరుగా కొలుస్తారు. గుండ్ల సైజు ఇందులో కలవదు, అది వేరే రాస్తారు.

మీ ఫ్రెండ్ బొడ్డు సంగతి. దానికి మామూలుగా 1.6 మి.మీ. లావు, 10 మి.మీ. పొడుగు వంపు కాడ వాడతారు, ఒంటిని బట్టి 11, 12 కూడా కావచ్చు. ముందు ఆ అమ్మాయి బొడ్డు పైన మడత ఉందో లేదో చూడాలి. కూర్చున్నప్పుడు బొడ్డు పూర్తిగా ముడుచుకుపోయేవాళ్లకి మామూలు నగ నిలవదు, లోపలి గుండు నొక్కుకుపోయి ఒళ్లే దాన్ని మెల్లగా బయటికి తోసేస్తుంది. కుట్టేవాళ్లు నిలబెట్టీ, కూర్చోబెట్టీ రెండు రకాలుగా చూశాకే గుర్తు పెట్టాలి. పడుకోబెట్టి గుర్తు పెడితే ఒప్పుకోవద్దని చెప్పు. చీరకట్టు, జీన్స్ బెల్టు సరిగ్గా అక్కడే ఒరుసుకుంటాయి, మానడానికి ఏడాది దాకా పట్టొచ్చు. ఎవరు ఎక్కడ కుట్టించుకున్నా, డబ్బులిచ్చే ముందు ‘కాడ లావు ఎన్ని మిల్లీమీటర్లు, పొడుగు ఎన్ని మిల్లీమీటర్లు’ అని అడిగి బిల్లు వెనక రాయించుకోండి. తర్వాత కొనే ప్రతి నగకీ ఆ రెండు అంకెలే కావాలి.